మన జెండా మార్చే వీలుంటే మారుస్తారా?

పెన్నాగట్టు (నెల్లూరు)

మా చెల్లెలు వాళ్ళు చాలా ఏళ్ళుగా ఆక్లాండ్‌లో ఉంటున్నారు. మొన్న ఫోన్లో మాటల మధ్య అక్కడి జెండా ఓటింగ్ సంగతి వచ్చింది. న్యూజిలాండ్ ప్రభుత్వం 2015లో కొత్త జెండాకు నమూనాలు పంపమని జనాన్ని అడిగితే 10,292 వచ్చాయి. వడపోసి చివరికి ఐదు మిగిల్చి, వాటి మీద ఒకసారి పోస్టులో ఓటు వేయించారు. గెలిచిన ఫెర్న్ ఆకు జెండాను పాత జెండాకు పోటీగా నిలబెట్టి 2016 మార్చిలో రెండోసారి ఓటు పెట్టారు. 56.6 శాతం మంది పాతదే ఉండనీ అన్నారు.

ఆ పాత జెండా మూలలో ఇప్పటికీ బ్రిటన్ జెండా ఉంది. పైగా ఆస్ట్రేలియా జెండా పక్కన పెడితే ఏది ఎవరిదో చప్పున చెప్పలేం. ఇవన్నీ తెలిసే వదులుకోలేదు. "మా తాతలు యుద్ధానికి ఈ జెండాతోనే వెళ్ళారు, దీన్నెట్లా తీసేస్తాం అంటారన్నా మా వీధిలో పెద్దోళ్ళు" అని చెప్పింది చెల్లెలు.

అప్పట్నుంచీ ఇదే ఆలోచన. మనకు అట్లాంటి ఓటు ఇస్తే మీరేం చేస్తారు? మారుస్తారా? మారిస్తే ఏది మారుస్తారు? పార్టీల గొడవ ఇక్కడికి తేవద్దు, జెండా గురించే మాట్లాడుకుందాం. నా మటుకు నేను మార్చను. కానీ ఎందుకు మార్చనో ఇంకా గట్టిగా చెప్పలేకపోతున్నా, అందుకే అడుగుతున్నా.

రంగరాయుడు చెరువు (ఒంగోలు)

మార్చే ప్రసక్తే లేదు. అసలు ఈ ప్రశ్న వేయడమే నాకు నచ్చలేదు. జెండా ఏమన్నా సెల్‌ఫోన్ కవరా, పాతబడిందని మార్చడానికి?

కావలి మాస్టారు

అడిగితే తప్పేముంది నాయనా? మన జెండా తయారైందే ఇట్లాంటి ప్రశ్నల మీద. బడిలో సోషల్ చెప్పినవాణ్ణి, కాస్త వివరంగానే రాస్తాను, ఓపిక పట్టండి.

పింగళి వెంకయ్య గారిది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. దేశానికి ఒక జాతీయ జెండా ఉండాలని 1916లోనే ఇంగ్లీషులో పుస్తకం వేసి, అందులో ముప్పై నమూనాలు ఇచ్చారు. 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అక్కడ గాంధీ గారు ఆయన్ని పిలిచి, ఎరుపు ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేట్టు ఒక జెండా గీసి ఇమ్మన్నారు. రాట్నం పెట్టాలన్నది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ ఆలోచన. వెంకయ్య గారు మూడు గంటల్లో తెచ్చి ఇచ్చారు. అయినా కమిటీ ముందు పెట్టడానికి కొంచెం ఆలస్యమైపోయింది. అట్లా ఆలస్యం కావడమే మంచిదైందని ఏప్రిల్ 13 నాటి తన యంగ్ ఇండియా పత్రికలో గాంధీ గారే రాశారు. ఎందుకంటే ఆ వ్యవధిలో, రెండు రంగులు రెండు మతాలకైతే మిగతా వాళ్ళ మాటేమిటి అని ఆయనకు తోచింది. తెలుపు అట్లా వచ్చి చేరింది.

మన జిల్లా సంగతి ఇక్కడే ఉంది. ఏప్రిల్ 7న గాంధీ గారు నెల్లూరు పక్కన పల్లిపాడుకు వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. బెజవాడ సమావేశానికీ ఆ వ్యాసానికీ సరిగ్గా మధ్యలో అన్నమాట. లెక్కలోకి రాని వాళ్ళకు కూడా చోటివ్వాలని ఆయన తలపోస్తున్న ఆ రెండు వారాల్లో మన పెన్న ఒడ్డున అడుగుపెట్టారు. పాఠం చెప్పేటప్పుడు ఈ తేదీలు బోర్డు మీద వరసగా రాసేవాణ్ణి. పిల్లలు ఊరి పేరు చూసి నిటారుగా కూర్చునేవాళ్ళు.

1931లో మళ్ళీ చర్చ. తమ రంగుకూ చోటు కావాలని సిక్కులు అడిగారు. కాంగ్రెస్ ఏడుగురితో కమిటీ వేసింది. కన్వీనర్ మన పట్టాభి సీతారామయ్య గారు. పటేల్, నెహ్రూ, ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హార్డీకర్ మిగతా సభ్యులు. వాళ్ళు సిఫారసు చేసింది ఏమిటో తెలుసా? జెండా మొత్తం ఒకే కేసరి రంగు, దాని మీద రాట్నం. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఆ ఆగస్టులో కేసరి, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో రాట్నం ఖాయం చేశారు. ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని కూడా అప్పుడే రాసుకున్నారు. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రాన్ని ఉంచింది.

26 ఏళ్ళలో ఇన్ని మార్పులు. కాబట్టి ప్రశ్నకు కోపగించుకోవద్దు.

పెన్నాగట్టు (నెల్లూరు)

మాస్టారూ, పల్లిపాడు మాట రాసినందుకు దండాలు. దీనికి ఇంకొకటి కలుపుతా. వెంకయ్య గారు ఆ తరువాత చాలా ఏళ్ళు నెల్లూరులోనే ఉండి అభ్రకం మీద పరిశోధన చేశారు. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు మైకా గనులు ఒకప్పుడు ఎంత పేరున్నవో ఇక్కడి పెద్దవాళ్ళకు తెలుసు. ఆయన్ని డైమండ్ వెంకయ్య అనీ పత్తి వెంకయ్య అనీ కూడా పిలిచేవాళ్ళు. అంత చదువు, అంత పని చేసి 1963లో లేమిలోనే పోయారు. మా నెల్లూరు పిల్లల్లో ఎంతమందికి ఆయన మన వీధుల్లో తిరిగాడని తెలుసో అని తలుచుకుంటే దిగులేస్తుంది.

కనిగిరి టు బెంగళూరు

మాస్టారు గారూ, మీరు రాసింది చదివాక నా ప్రశ్న ఇంకా గట్టిపడింది.

1923లో నాగపూర్‌లో జెండా పట్టుకుని నడిచినందుకు జనాన్ని జైళ్ళలో పెట్టారు. 1930లో మచిలీపట్నం కోనేరు సెంటర్లో తోట నరసయ్య నాయుడు గారు జెండా ఎగరేయబోతే పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు. వాళ్ళందరూ దెబ్బలు తిన్నది రాట్నం ఉన్న జెండా కోసం. ఆ జెండానే మనం 1947లో మార్చుకున్నాం. నరసయ్య నాయుడు గారిని అవమానించాం అని ఎవరూ అనుకోలేదు. మరి ఇవాళ మార్పు అనే మాట ఎత్తగానే అవమానం ఎందుకైపోతుంది?

నన్నడిగితే రాట్నం తిరిగి తెస్తాను. చక్రం అశోకుడి స్తంభం మీది నుంచి వచ్చింది. అదే స్తంభం మీది సింహాలను ప్రభుత్వ ముద్రగా పెట్టుకున్నాం, నోటు మీద, పాస్‌పోర్టు మీద, ఆఫీసు గోడ మీద అన్నిచోట్లా అవే. ప్రభుత్వానికి ఆ ముద్ర చాలు. జెండా మీద మాత్రం ఇంట్లో కూర్చుని నూలు వడికిన ఆడవాళ్ళ చేతి పనిముట్టు ఉంటే బాగుంటుంది. మా అవ్వ వడికేది. చక్రవర్తి గుర్తు కంటే అవ్వ గుర్తు నాకు దగ్గర.

రంగరాయుడు చెరువు (ఒంగోలు)

అమ్మాయ్, అశోకచక్రం చక్రవర్తి గొప్ప చెప్పడానికి పెట్టింది కాదు. అది ధర్మచక్రం. యుద్ధం మానేసిన రాజుది.

ట్రంకురోడ్డు దర్జీ (ఒంగోలు)

నేను బట్టలు కుట్టుకునేవాణ్ణి, చరిత్ర మాస్టారంత తెలియదు. కానీ ఆగస్టు, జనవరి నెలల్లో జెండాలు కుడతాను కాబట్టి ఆ పాపకు ఒక మాట చెప్పాలి.

రాట్నానికి ఒక పక్క పెద్ద చక్రం, ఇంకో పక్క కదురు ఉంటాయి. జెండాకు రెండు ముఖాలు. ముందు నుంచి చూస్తే చక్రం కర్ర వైపు ఉంటే, వెనక ముఖం మీద కూడా అట్లానే కర్ర వైపు రావాలంటే బొమ్మను తిప్పి వేయాలి. తిప్పకుండా వేస్తే కదురు కర్ర వైపు వచ్చేస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు, ఎండలో ఒకదాని నీడ ఇంకోదాని మీద పడుతుంది. చక్రంతో ఆ బాధ లేదు, ఎటు నుంచి చూసినా ఒకటే.

బంగ్లాదేశ్ జెండాకూ ఇదే తంటా. 1971లో ఎర్ర గుండ్రం మధ్యలో వాళ్ళ దేశపటం ఉండేది. రెండు వైపులా పటం సరిగ్గా రావడం కష్టమని 1972లో తీసేశారు. ఇప్పుడు ఉత్త గుండ్రమే.

జెండా కాగితం మీద గీసేవాళ్ళు వేరు, గుడ్డ మీద కుట్టేవాళ్ళు వేరు. కుట్టేవాళ్ళను కూడా అడగాలి.

కావలి మాస్టారు

దర్జీ గారు చెప్పిన ఈ కారణాన్ని నెహ్రూ గారు రాజ్యాంగ సభలో దాదాపు ఇట్లానే చెప్పారు. రాట్నంలో ఉన్న చక్రాన్నే ఉంచుకుంటున్నాం, కదురూ దారమూ వదిలేస్తున్నాం అన్న వరసలో మాట్లాడారు. గాంధీ గారికి మాత్రం రాట్నం పోవడం నచ్చలేదు. కాబట్టి అమ్మాయ్ గారూ, మీ పక్షాన చాలా పెద్దాయన ఉన్నారు.

ఉదయగిరి చెక్కపని

రంగుల మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తా. మా ఇంట్లో చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తారు, ఉదయగిరి వైపు వచ్చినవాళ్ళకు తెలిసే ఉంటుంది.

చిన్నప్పుడు బడిలో ఒక అయ్యవారు జెండా గురించి చెబుతూ పైది హిందువులది, కిందది వీళ్ళది అని నా వైపు చెయ్యి చూపించారు. ఆయనకు చెడు ఉద్దేశం ఏమీ లేదు, ప్రేమగానే అన్నారు. క్లాసంతా నన్ను చూసింది. ఆకుపచ్చ పట్టీ ఒక్కటే నాదైతే, మిగతా రెండూ నావి కావనే కదా అర్థం? ఇంటికి వచ్చి మా నాన్నను అడిగితే, జెండాను పట్టీలుగా చింపి పంచుకోలేదురా, మొత్తం మనదే అన్నాడు.

పెద్దయ్యాక తెలిసింది, రాజ్యాంగ సభలో కూడా ఇదే చెప్పారని. ఈ జెండాలో మతాల లెక్క లేదని నెహ్రూ గారు అన్నారు. రాధాకృష్ణన్ గారు కేసరి అంటే త్యాగం, తెలుపు వెలుగు, ఆకుపచ్చ నేలతో, పచ్చని చెట్టుచేమతో మన సంబంధం అని వివరించారు. మెట్ట పొలం మీద బతికే మా ఉదయగిరి వాళ్ళకు ఆ మూడో మాట ఎంత విలువైందో చెప్పలేను.

శ్రీలంక జెండా చూడండి. సింహం ఒక చట్రంలో ఉంటుంది. తమిళుల పేరు మీద ఒక పట్టీ, ముస్లింల పేరు మీద ఒక పట్టీ పక్కన వేరే ఉంటాయి. చోటిచ్చారు, నిజమే. కానీ పక్కన ఇచ్చారు. నాకట్లాంటి పట్టీ వద్దు.

నేను జెండాలో ఏమీ మార్చను. బడిలో దాని గురించి చెప్పే పద్ధతి మారుస్తాను.

పెన్నాగట్టు (నెల్లూరు)

అన్నా, మీ నాన్న గారి మాట మా పిల్లలకు చదివి వినిపించాను.

కలువాయి – కువైట్

డ్యూటీ అయిపోయి వచ్చి అన్నీ చదివాను. ఇక్కడి సంగతి చెప్తా. కువైట్ ఇప్పటి జెండా 1961లో వచ్చింది, బ్రిటిష్ రక్షణ నుంచి బయటపడిన ఏడాది. అంతకుముందు వీళ్ళది ఎర్ర జెండా. ఫిబ్రవరి 25, 26 తేదీల్లో, వీళ్ళ జాతీయ పండగలకు, వీధులు చూడాలి, కార్ల మీద, మేడల మీద, పిల్లల ముఖాల మీద ఆ నాలుగు రంగులే. 1990లో ఇరాక్ ఆక్రమించినప్పుడు ఆ జెండా ఇంట్లో ఉంచుకోవడమే ప్రమాదం. ఆ రోజులు చూసినవాళ్ళు జెండా పట్టుకునే తీరే వేరు.

పక్కనున్న ఇరాక్ కథ పూర్తిగా తలకిందులు. 1991లో సద్దాం తన చేతిరాతతో అల్లాహు అక్బర్ అని జెండా మీద రాయించాడు. ఆయన గద్దె దిగాక 2004లో అమెరికా వాళ్ళు కూర్చోబెట్టిన మండలి తెలుపు, నీలం రంగుల్లో పూర్తిగా కొత్త జెండా తెచ్చింది. జనం దాన్ని ముట్టుకోలేదు. కొద్దిరోజుల్లోనే వదిలేశారు. చివరికి పాతదే ఉంచి, చేతిరాత తీసేసి మామూలు లిపిలో రాసి, 2008లో నక్షత్రాలు తొలగించారు. ఒకరు పైనుంచి దించితే జెండా నిలబడదని నాకు అనిపించింది.

బుచ్చి – టొరంటో

కువైట్ తమ్ముడు చెప్పింది నిజమే కానీ ఒకమాట అడ్డం చెప్పాలి. కెనడా జెండా కూడా ఒక రకంగా పైనుంచి దించిందే.

1964లో ప్రధాని పియర్సన్ కొత్త జెండా కావాలని పట్టుబట్టాడు. అప్పటిదాకా ఉన్నది మూలలో బ్రిటన్ గుర్తుతో ఉండే ఎర్ర జెండా. యుద్ధంలో పనిచేసిన పాత సైనికులు మండిపడ్డారు. ప్రతిపక్ష నాయకుడు డీఫెన్‌బేకర్ పార్లమెంటులో చర్చను నెలల తరబడి సాగదీశాడు. చివరికి 15 మంది ఎంపీల కమిటీ మేపుల్ ఆకును ఎంపిక చేసింది, డిసెంబరులో 163 మంది అవునని, 78 మంది కాదని ఓటేశారు. 1965 ఫిబ్రవరి 15న ఎగరేశారు. జనం ఓటు ఏమీ పెట్టలేదు. పెట్టి ఉంటే న్యూజిలాండ్‌లాగా పాతదే నిలిచేదేమో.

ఇవాళ ఈ ఎర్ర ఆకు లేని కెనడాను ఎవరూ ఊహించలేరు. అప్పుడు తిట్టినవాళ్ళ మనవలు ఈ జెండానే బ్యాగుల మీద కుట్టించుకుని దేశాలు తిరుగుతున్నారు. దక్షిణాఫ్రికాదీ అంతే. 1993లో వేలకొద్దీ నమూనాలు వచ్చినా ఏదీ కుదరక, 1994 ఎన్నికలకు కొద్ది వారాల ముందు ఫ్రెడరిక్ బ్రౌనెల్ గీసినది తాత్కాలికంగా ఒప్పుకున్నారు. ఏప్రిల్ 27న ఎగిరింది. అదే శాశ్వతమైంది.

నేను గమనించింది ఇదీ: పాత రాజ్యం పోయి కొత్తది వచ్చినప్పుడు జెండా మారితే జనం తమదిగా పట్టుకుంటారు. ఏ మార్పూ లేకుండా బొమ్మ బాగుందని మారిస్తే పట్టుకోరు. ఫిజీ ప్రధాని 2015లో మారుస్తానన్నాడు, 2016 ఒలింపిక్స్‌లో వాళ్ళ రగ్బీ జట్టు మొదటి బంగారు పతకం తెచ్చి, జనమంతా పాత జెండా ఊపేసరికి మానుకున్నాడు.

రేవు షిఫ్ట్ (కృష్ణపట్నం)

అందరూ మన జెండా అంటే ఒక్కటే అనుకుంటున్నట్టున్నారు. సముద్రం మీద లెక్క వేరే ఉంది.

రేవుకు వచ్చే ఓడల వెనక చూడండి, పనామా, లైబీరియా, మార్షల్ దీవుల జెండాలే ఎక్కువ. ఓడ యజమాని ఎక్కడివాడో, పనిచేసేవాళ్ళు ఎక్కడివాళ్ళో దానికి సంబంధం లేదు, రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించారో ఆ జెండా. మన రేవులోకి వచ్చిన విదేశీ ఓడ పైన మాత్రం మర్యాదగా మన త్రివర్ణ పతాకం కట్టాలి. కొన్ని ఓడలవాళ్ళు ఎండకు వెలిసి, గాలికి అంచులు పీలికలైన జెండా కట్టుకుని వస్తారు. అది చూస్తే కడుపు మండుతుంది. ఏజెంట్‌కు చెప్పి మార్పించేదాకా నాకు పనిమీద మనసు నిలవదు.

మన దేశపు సరుకు ఓడ వెనక ఎగిరేది మాత్రం ఎర్ర జెండా, దాని మూలలో త్రివర్ణం ఉంటుంది. నౌకాదళానిది ఇంకొకటి. అది ఎన్నిసార్లు మారిందో చూడండి. బ్రిటిష్‌వాళ్ళ కాలం నాటి ఎర్ర శిలువ గీతలు 2001లో తీసేసి నీలి రంగు ముద్ర ఒక్కటే పెట్టారు. సముద్రం, ఆకాశం రెండూ నీలమే కాబట్టి దూరం నుంచి ఏమీ కనపడటంలేదని 2004లో శిలువ మళ్ళీ తెచ్చారు. 2022 సెప్టెంబరు 2న, కొచ్చిలో విక్రాంత్ యుద్ధనౌకను దళంలో చేర్చిన రోజు, అది పూర్తిగా పోయింది. ఇప్పుడు మూలలో త్రివర్ణం, పక్కన నీలి ఎనిమిది మూలల ముద్ర.

కాబట్టి మనం మార్చని దేశం ఏమీ కాదు. మార్చాల్సింది మార్చాం. త్రివర్ణం జోలికి మాత్రం పోలేదు, అన్నిటి మూలలోనూ అదే ఉంచాం.

కనిగిరి టు బెంగళూరు

అన్నా, ఎర్ర జెండా సంగతి ఇప్పుడే తెలిసింది. థాంక్స్.

ఇంకొకటి అడగాలి. కర్ణాటకలో పసుపు, ఎరుపు జెండా ప్రతి ఆటోకూ, ప్రతి సర్కిల్‌కూ ఉంటుంది. 2018లో అక్కడి ప్రభుత్వం మధ్యలో తెలుపు, గండభేరుండం (రెండు తలల పక్షి) పెట్టి అధికారిక రాష్ట్ర జెండాగా చేయమని కేంద్రానికి పంపింది, అనుమతి రాలేదు. నవంబరులో రాష్ట్రం పుట్టినరోజుకు ఆఫీసులో అందరూ ఆ రంగులు వేసుకుంటే మనకు అట్లాంటిది లేదే అనిపిస్తుంది. తెలుగువాళ్ళకూ ఒకటి ఉంటే తప్పా?

కావలి మాస్టారు

తప్పు కాదు. కానీ దానికి వేరే చర్చ పెట్టుకుందాం, ఇక్కడ కలిపితే అసలు విషయం పక్కకు పోతుంది. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం ఇచ్చింది రాష్ట్రం కోసం. ఆయన ఏ జెండా కోసమూ అడగలేదు, అది మాత్రం గుర్తుంచుకుందాం.

చీరాల మగ్గం

మేము ఇప్పుడు బాపట్ల జిల్లా అయినా మనసు పాత ప్రకాశంలోనే ఉంది, అందుకే రాస్తున్నా.

మీరంతా బొమ్మ గురించి, రంగుల గురించి మాట్లాడుతున్నారు. గుడ్డ గురించి ఎవరూ మాట్లాడలేదు. 1921లో మా చీరాల పేరాల జనం మున్సిపాలిటీ పన్ను కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్ళు వదిలి ఊరి బయట పాకల్లో నెలల తరబడి ఉన్నారు. ఆ ఊరు రామనగరం. వాళ్ళలో నేతవాళ్ళు ఎంతమందో. ఆ ఏడాదే జెండా మీద రాట్నం వచ్చింది. జెండా అంటే చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డ అని 2002 జెండా కోడ్‌లో (జెండా వాడకం నియమాల్లో) కూడా రాసి ఉంది. 2021 డిసెంబరు 30న ఆ నిబంధన మార్చి మిల్లు గుడ్డ, పాలిస్టర్ కూడా వాడొచ్చన్నారు.

జెండాను మార్చాలా వద్దా అని అడుగుతున్నారు. మారిపోయింది కదా! రంగు మారలేదు, చక్రం మారలేదు, దారం మారింది. నాకు ఓటు ఇస్తే దారం వెనక్కి తెస్తాను.

ట్రంకురోడ్డు దర్జీ (ఒంగోలు)

అన్నా, మీ బాధ నాకు తెలుసు, మా మామ వాళ్ళూ నేతపనే. కానీ నా దుకాణం ముందు నిలబడేవాళ్ళను కూడా చూడాలి. 2022లో ఇంటింటా జెండా అన్నప్పుడు కూలికి పోయే ఆవిడ కూడా వచ్చి ఒకటి కావాలంది. ఖాదీ జెండా ధర చెబితే ఆమె వెనక్కి తిరిగేది. పాలిస్టర్ కాబట్టి కొనుక్కుంది, ఇంటి మీద కట్టుకుంది. ఆమె ఇంటి మీద జెండా ఉండటం ముఖ్యమా, దారం ముఖ్యమా?

ఇంకొకటి. ఆ ఏడాదే రాత్రిపూట కూడా ఇళ్ళ మీద ఉంచొచ్చు అన్నారు. పగలూ రాత్రీ వానలో, మన తీరం గాలిలో ఉంటే నూలు గుడ్డ తొందరగా దెబ్బతింటుంది.

చీరాల మగ్గం

ఆమె కట్టుకోవద్దని నేననను తమ్ముడూ. ఆమెకు అందే ధరలో ఖాదీ ఇవ్వలేకపోవడం సర్కారు లోపం, ఆమెది కాదు. కానీ కలెక్టరాఫీసు, కోర్టు, బడి, పంచాయతీ, వీటి మీద ఎగిరే వాటికైనా చేనేత గుడ్డే ఉండాలి. కొనగలిగే స్తోమత ఉన్నచోట కూడా చవకది ఎందుకు? ఆ ఒక్క నియమం ఉంటే రెండు పండగలకైనా మగ్గాలు ఆడతాయి.

ట్రంకురోడ్డు దర్జీ (ఒంగోలు)

దీనికి నేను ఒప్పుకుంటా. ఆఫీసుల వరకూ ఖాదీయే.

రంగరాయుడు చెరువు (ఒంగోలు)

నేనూ ఒప్పుకుంటా. ఇంకోటి కూడా రాయండి. ఆగస్టు 16 పొద్దున మా చెరువు కట్ట మీద వాకింగ్‌కు పోతే కాగితం జెండాలు కాళ్ళ కింద పడుంటాయి. ప్లాస్టిక్ జెండాలు 2022 జులై నుంచి అమ్మకూడదు, అయినా కనపడుతూనే ఉన్నాయి. చక్రం కోడిగుడ్డు ఆకారంలో ఉన్నవి, ఆకుపచ్చ పైకి కట్టినవి... చూడలేక ఏరి ఇంటికి తెస్తాను. మీరంతా మార్చాలా వద్దా అంటుంటే నాకు ముందు కోపం వచ్చింది అందుకే. ఉన్నదాన్నే సరిగ్గా చూసుకోలేకపోతున్నాం.

కనిగిరి టు బెంగళూరు

అందరివీ రెండుసార్లు చదివాను. నా జవాబు రాస్తున్నా.

రాట్నం మీద నా ఇష్టం పోలేదు. దర్జీ బాబాయ్ చెప్పిన రెండు ముఖాల ఇబ్బందికి ఏదో దారి దొరుకుతుందనే ఇప్పటికీ అనుకుంటున్నా. కానీ పెన్నాగట్టు అన్న అడిగింది ఓటు ఇస్తే అని. ఉదయగిరి అన్న రాసింది చదివాక, ఆ ఓటే వద్దు అనిపించింది. న్యూజిలాండ్ వాళ్ళు ఆకు మీద ఓటేశారు, ఓడినవాళ్ళు ఇంటికి పోయి పడుకున్నారు. మన దగ్గర రంగుల మీద ఓటు పెడితే ఎవరి రంగు గెలిచింది, ఎవరిది ఓడింది అని లెక్క కడతారు. అప్పుడు ఆ క్లాసురూంలో చెయ్యి చూపించినట్టు దేశమంతా చెయ్యి చూపిస్తారు.

1921లో జెండాలో ఎవరు లేరో చూసి తెలుపు కలిపారు. 1931లో మతాల లెక్కే వద్దన్నారు. ఎవరినీ ఓడించి చేసిన జెండా కాదు ఇది. దాన్ని ఎక్కువ మంది, తక్కువ మంది అనే తూకంలో పెట్టడం నాకు ఇష్టం లేదు. మార్చకపోవడానికి నా కారణం ఇది, పాతది కాబట్టి పవిత్రం అని మాత్రం కాదు.

పెన్నాగట్టు (నెల్లూరు)

అమ్మా, నేను మొదట్లో చెప్పలేకపోయింది ఇదే. చెల్లెలికి పంపిస్తున్నా.

కలువాయి – కువైట్

నాదీ అదే మాట. మార్చవద్దు. చీరాల అన్న చెప్పిన గుడ్డ సంగతికి మాత్రం నా ఓటు వేసుకోండి.

ఉదయగిరి చెక్కపని

ఏరి తెచ్చిన జెండాలు ఏం చేస్తున్నారు చెరువు అన్నా? మా వీధిలో పిల్లలు కూడా ఏరుతున్నారు, ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేరు.

ట్రంకురోడ్డు దర్జీ (ఒంగోలు)

నేను చెప్తా, జెండా కోడ్‌లోనే ఉంది. చిరిగినవి, మాసినవి చెత్తలో వేయకూడదు, తుడిచే గుడ్డగా వాడకూడదు. జనం మధ్యలో కాకుండా ఒక పక్కన, మర్యాదగా పూర్తిగా కాల్చేయడం మేలు. పాలిస్టర్ కాలిస్తే పొగ వస్తుంది, ఆరుబయట, పిల్లలు దూరంగా ఉండేట్టు చూసి పెద్దవాళ్ళే చేయాలి.

కొత్తవి కావాలన్నవాళ్ళకు: పొడవు మూడు పాళ్ళయితే ఎత్తు రెండు పాళ్ళు. బడికైతే 1800కి 1200 మిల్లీమీటర్లు, ఇంటికైతే 450కి 300 సరిపోతుంది. చక్రానికి 24 ఆకులు, ముదురు నీలం, రెండు వైపులా కనపడాలి. కొనేముందు ఆకులు లెక్కపెట్టుకోండి, తక్కువ ఉన్నవి చాలా అమ్ముతున్నారు.

చీరాల మగ్గం

కనిగిరి అమ్మాయ్, మీ ఆఫీసుకు ఖాదీ జెండా కావాలంటే ముందే చెప్పు తల్లీ. ఆగస్టు మొదటి వారంలో అడిగితే ఎవరి దగ్గరా దొరకదు, ఇప్పుడైతే తెప్పించి ఇస్తాను.

కనిగిరి టు బెంగళూరు

మా ఆఫీసుకు ఒకటి, కనిగిరిలో మేము చదువుకున్న బడికి ఒకటి. బడిదానికి 1800 సైజు చాలా, స్తంభం ఎత్తు కొలిచి చెప్పాలా బాబాయ్?

ట్రంకురోడ్డు దర్జీ (ఒంగోలు)

కొలిచి చెప్పమ్మా. తాడు కూడా కొత్తది వేయించండి, పాతది కప్పీలో ఇరుక్కుంటే జెండా సగంలో ఆగిపోతుంది.